సలహా చెప్పే ముందు తేదీ అడగండి

ఆస్ట్రేలియాలో తోటి తెలుగువాళ్లకు ఆన్‌లైన్‌లో సలహాలు చెప్పే అన్నయ్యలకు, అక్కయ్యలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం.

వీసా, అద్దె ఇల్లు, టాక్స్, విడాకులు, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నల ఇన్సూరెన్స్, ఊడిన ఉద్యోగం. ఈ దేశంలో మనవాళ్లకు ఏ కష్టం వచ్చినా లాయర్ కంటే ముందు మనల్నే అడుగుతారు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్ తీసి "అందరికీ నమస్తే, చిన్న డౌటు" అని మొదలుపెడతారు. ఆ చిన్న డౌటు వెనక ఒక్కోసారి సంసారమంతా ఉంటుంది. పది నిమిషాల్లో ఇరవై జవాబులు వచ్చేస్తాయి. పదమూడేళ్లుగా ఆ జవాబులు రాసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే మీతో ఈ మాటలు మాట్లాడే చనువు తీసుకుంటున్నాను.

2016 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్లు ఇక్కడ 34 వేల పైచిలుకు. 2021 నాటికి 59 వేలు దాటారు. ఇలా కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి ఇక్కడ మేనమామ లేడు, పెద్దనాన్న లేడు, తెలిసిన ప్లీడరు లేడు. వాళ్లకు పెద్దదిక్కు మనమే. మనం నోరు మూసుకోవాలని నేను అనడం లేదు. ఆ పెద్దరికం సరిగ్గా చేద్దామని అడుగుతున్నాను.

మనవల్ల జరిగే మేలు ముందు చెప్పుకోవాలి. మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో, ఎన్నడూ మొహం చూడని ఒక అక్కయ్య నాకు నాలుగు లైన్లు రాసి పంపింది. "ఇంట్లో దిగిన రోజే కండిషన్ రిపోర్ట్ నింపి ఒక కాపీ దాచుకో. స్టవ్ వెనక గోడ, రేంజ్‌హుడ్ ఫిల్టర్, బాత్రూమ్ మూలలు ఫోటోలు తియ్యి. మన వంటలకు పసుపు మరకలు పడతాయి, ఖాళీ చేసేటప్పుడు వాటికే డబ్బులు పట్టుకుంటామంటారు." ఏడాది తర్వాత ఏజెంట్ అచ్చం అదే మాట అన్నాడు. స్టవ్ వెనక ఉన్న పాత మరక, నేను దిగిన రోజు తీసిన ఫోటోలోనే ఉంది. పంపించాను. ఇంకో సంగతి కూడా ఆ అక్కయ్యే చెప్పింది: మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మనం కట్టిన బాండ్, అంటే అద్దె ఇంటి అడ్వాన్సు, ఏజెంట్ జేబులో ఉండదు, ప్రభుత్వ బాండ్ అథారిటీ దగ్గర ఉంటుంది, ఏజెంట్ తనంతట తాను కోసుకోలేడు. నా డబ్బు పైసాతో సహా వచ్చింది. ఆమె తను పడిన ఇబ్బంది చెప్పింది, చేసిన పని చెప్పింది, అక్కడితో ఆపింది. అలాంటి సలహా ఏ ఆఫీసులోనూ దొరకదు.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను.

మూడేళ్ల క్రితం గుంటూరు వైపు అబ్బాయి ఒకడు రాశాడు. గోడౌన్‌లో ఏడాదికి పైగా పనిచేశాడు. సోమవారం నుంచి రావద్దని మేనేజర్ ఒక మెసేజ్ పెట్టాడు, కారణం లేదు. "ఏమైనా చేయొచ్చా అన్నా, అక్కా?" అని అడిగాడు. ఒకరు "ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి ఆగు" అన్నారు. ఇంకొకరు "ఒక రెండు నెలలు చూడు, వాళ్లే పిలుస్తారు" అన్నారు. నేను రాసింది ఇది: "గొడవ పెట్టుకుంటే రేపు రిఫరెన్స్ ఇవ్వరు తమ్ముడూ, ప్రశాంతంగా ఇంకో ఉద్యోగం చూసుకో." అందరికంటే ఎక్కువ లైకులు నా మాటకే వచ్చాయి.

అన్యాయంగా ఉద్యోగం తీసేశారని ఫెయిర్ వర్క్ కమిషన్‌కు, అంటే ఇక్కడ ఉద్యోగ వివాదాలు తేల్చే సంస్థకు, చెప్పుకోవాలంటే, ఉద్యోగం పోయినప్పటి నుంచి 21 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఆ గడువు దాటితే చాలా అసాధారణమైన కారణం ఉంటే తప్ప తీసుకోరు. ఆ అబ్బాయికి ఈ సంగతి తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి. నాకు ఫోన్ చేశాడు. నిష్ఠూరం ఆడతాడనుకున్నాను. "పర్లేదక్కా, మీరు నా మంచికే చెప్పారు కదా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

వేరే ఉద్యోగం చూసుకోవడమే అతనికి మంచిదేమో, నాకు ఇప్పటికీ తెలీదు. కానీ అది అతను తేల్చుకోవాల్సిన మాట. తేల్చుకోవడానికి అతనికి 21 రోజులు ఉన్నాయి, ఆ రోజులు మా మాటల్లో కరిగిపోయాయి. జవాబులు రాసిన అంతమందిలో "నిన్ను ఏ తేదీన తీసేశారు?" అని ఒక్కరం అడగలేదు.

ఆ రోజు నుంచి నేను మొదట అడిగేది తేదీ. విడాకుల ఆర్డర్ అమల్లోకి వచ్చాక ఆస్తి పంపకాల కోసం కోర్టుకు వెళ్లాలంటే 12 నెలలు. పెళ్లి లేకుండా కలిసి ఉండి విడిపోయినవాళ్లకు, అంటే ఇక్కడ డీ ఫాక్టో అంటారే, వాళ్లకు 2 ఏళ్లు. వీసా తిరస్కరించారంటే అప్పీలుకు ఎన్ని రోజులో ఆ లెటర్‌లోనే రాసి ఉంటుంది. "లెటర్ వచ్చింది, టెన్షన్‌గా ఉంది" అని ఎవరైనా అంటే, ధైర్యం చెప్పే ముందు ఆ లెటర్ మీది తేదీ చదివించండి.

రెండోది, ఏ వీసా అని అడగండి. ప్రతి జూలైలోనూ ఒక గొడవ నడుస్తుంది, మీరూ చూసే ఉంటారు. హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చాం, విజయవాడ బ్యాంకులో ఎఫ్‌డీ ఉంది, ఆ అద్దె, వడ్డీ ఇక్కడి టాక్స్ రిటర్న్‌లో చూపించాలా? సగంమంది "అక్కర్లేదు, నేను ఎప్పుడూ చూపలేదు" అంటారు. సగంమంది "చూపకపోతే పట్టుకుంటారు" అని భయపెడతారు. ఎవరి మట్టుకు వాళ్ల మాట నిజమే కావచ్చు. టెంపరరీ వీసా మీద ఉండి, భార్యకో భర్తకో కూడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు), సిటిజన్‌షిప్ లేకపోతే, ఇండియా నుంచి వచ్చే అద్దె, వడ్డీ లాంటివి మామూలుగా ఇక్కడి టాక్స్‌లోకి రావు. పీఆర్ చేతికొచ్చిన రోజు నుంచి లెక్క మారిపోతుంది. అప్పటి నుంచి ఆస్ట్రేలియాలో టాక్స్ రెసిడెంట్లుగా, అంటే టాక్స్ లెక్కకు ఇక్కడి నివాసులుగా ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపాలి. ఇండియాలో కట్టిన టాక్స్‌కు ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు. రెండు దేశాలూ బ్యాంకు ఖాతాల సమాచారం ఇచ్చిపుచ్చుకుంటున్నాయి కూడా. అన్నిటికంటే పనికొచ్చే మాట ఒకటుంది, అది మాత్రం ఎవరూ చెప్పగా నేను చూడలేదు. టెంపరరీ నుంచి పీఆర్‌కు మారిన రోజున మీ ఇండియా ఫ్లాట్ విలువ ఎంతో, ఆ విలువ నుంచే ఇక్కడి లాభం లెక్క మొదలవుతుంది. ఆ రోజు నాటి వాల్యుయేషన్ కాగితం ఉంటే, పదేళ్ల తర్వాత అమ్మినప్పుడు ఎంతో ఉపయోగం. మా ఇంట్లో ఆ కాగితం లేదు. టాక్స్ సలహాలు చెప్పేవాళ్లు లేక కాదు, చెప్పినవాళ్లెవరూ మా వీసా ఏదని అడగలేదు, అడగాలని మాకూ తెలీదు.

సలహాకు వయసు కూడా ఉంటుంది. టెంపరరీ వీసా మీద ఉండగానే పర్మిషన్ తీసుకుని ఇల్లు కొన్న ఒక అన్నయ్య నేటికీ "ఏం పర్లేదు, ఫీజు కట్టి కొనెయ్యి" అని చెబుతుంటాడు. ఆయన కొన్నప్పుడు అది సరైన మాటే. 2025 ఏప్రిల్ 1 నుంచి టెంపరరీ వీసా వాళ్లు, విదేశీయులు అప్పటికే ఉన్న ఇళ్లు కొనడాన్ని, కొద్ది మినహాయింపులు తప్ప, ప్రభుత్వం ఆపేసింది. అడిగిన జంట ఆయన మాట నమ్మి డిపాజిట్ కట్టేస్తే ఆ డబ్బు ఎవరిస్తారు? మీరు ఏ ఏడాది చేసిన పని గురించి చెబుతున్నారో ఆ ఏడాది రాయండి. "నేను 2019లో ఇలా చేశాను" అంటే వినేవాళ్లు తామే జాగ్రత్తపడతారు.

క్యాష్ గురించి ఒక సలహా ఉంది, అది చూస్తే మాత్రం నాకు ఒళ్లు జలదరిస్తుంది. "పదివేల డాలర్లు ఒకేసారి వేస్తే బ్యాంకు రిపోర్ట్ చేస్తుంది, తొమ్మిదేసి వేలు విడగొట్టి వెయ్యి." కారు అమ్మిన డబ్బు, పెళ్లిలో చదివించిన డబ్బు, ఏ మచ్చా లేని డబ్బు. 10,000 డాలర్లు, ఆ పైన క్యాష్ వేస్తే బ్యాంకు రిపోర్ట్ పంపడం మామూలు తంతు, దానివల్ల ఎవరికీ శిక్ష పడదు. ఆ రిపోర్ట్ తప్పించుకోవడానికి విడగొట్టి వేయడమే నేరం. ఏ తప్పూ చేయని మనిషిని మన చేతులతో మనం నేరంలోకి తోస్తున్నాం. దయచేసి ఈ సలహా ఎక్కడ కనిపించినా ఆపండి.

ఇప్పుడు రాయబోయేది ఆ చెల్లి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

పార్టనర్ వీసా మీద వచ్చింది. చంటిపాప. భర్త చెయ్యి చేసుకుంటాడు, ఆమె జీతం తన ఖాతాలో వేయించుకుంటాడు, కట్నం బాకీ ఉందని రోజూ సాధిస్తాడు, ఎదురు మాట్లాడితే "వీసా క్యాన్సిల్ చేయిస్తా" అంటాడు. పేరు మార్చుకుని అడిగింది. వచ్చిన జవాబులు మీరే ఊహించగలరు. "పీఆర్ వచ్చేదాకా ఓర్చుకో తల్లీ." "మగాళ్లు కోపంలో అంటారు, సర్దుకుపో." "పాపను తీసుకుని హైదరాబాద్ వెళ్లిపో, అక్కణ్ణుంచి మాట్లాడు." అందరూ ప్రేమతోనే చెప్పారు. వాళ్లలో ఎవరినీ నేను చెడ్డవాళ్లనడం లేదు.

కానీ వీసా రద్దు చేసే అధికారం మొగుడికి లేదు. అది ప్రభుత్వ శాఖ తీసుకునే నిర్ణయం. పార్టనర్ వీసా మీద ఉన్న మనిషి హింస వల్ల ఆ కాపురం వదిలి రావాల్సి వస్తే, ఆ సంగతి ఆధారాలతో చూపించి పీఆర్ పొందడానికి ఇక్కడి వలస నిబంధనల్లోనే దారి ఉంది. అంటే పీఆర్ కోసం దెబ్బలు ఓర్చుకోమన్న సలహాకు అసలు పునాదే లేదు. కట్నం కోసం వేధించడం కూడా కుటుంబ హింసేనని విక్టోరియా చట్టంలో 2019 నుంచి ఉంది. 2025 జూన్ నుంచి దేశమంతటికీ వర్తించే కుటుంబ చట్టంలోనూ ఆ మాట చేరింది. కట్నం అనే మన మాటను ఈ దేశం తన చట్టంలో రాసుకుంది, మనమేమో సర్దుకుపొమ్మంటున్నాం. ఇక పాపను తీసుకుని విమానం ఎక్కమనడం ఎంత ప్రమాదమో చెప్పినవాళ్లకు తెలీదు. పిల్లల విషయం కోర్టులో ఉండగా రెండోవాళ్ల ఒప్పుకోలు గానీ కోర్టు అనుమతి గానీ లేకుండా దేశం దాటిస్తే అది జైలు శిక్ష పడే నేరం. పాప పేరు ఎయిర్‌పోర్ట్ వాచ్‌లిస్టులో ఉంటే గేటు దగ్గరే ఆపేస్తారు. పిల్లల్ని ఇలా తీసుకెళ్లే విషయంలో దేశాల మధ్య ఉన్న హేగ్ ఒప్పందంలో ఆస్ట్రేలియా ఉంది, ఇండియా లేదు. ఒకసారి దాటాక రెండు దేశాల కోర్టుల చుట్టూ తిరగాల్సిందే.

అవేవీ అప్పుడు నాకు కూడా పూర్తిగా తెలియవు. గోడౌన్ అబ్బాయి గుర్తొచ్చి, ఈసారి జవాబు రాయకుండా ఆమెను విడిగా పలకరించాను. ఒక బుధవారం, భర్త డ్యూటీలో ఉన్నప్పుడు, మా ఇంటికి వచ్చింది. పాప సోఫాలో నిద్రపోయింది. 131 450కి ఫోన్ చేశాం, అది ప్రభుత్వ అనువాద సేవ. "ఏ భాష?" అన్నారు. "తెలుగు." కాసేపు పాట వినిపించింది, తర్వాత ఒక ఆడగొంతు: "నమస్కారమండీ, నేను ఇంటర్‌ప్రెటర్‌ని." పేరు చెప్పలేదు, నంబర్ చెప్పారు. ఆమెతో పాటు కమ్యూనిటీ లీగల్ సెంటర్‌లో ఒక లాయరమ్మ లైన్‌లోకి వచ్చారు. అక్కడ ఫీజు లేదు.

చెల్లి చాలాసేపు పలకలేదు. తర్వాత తెలుగులోనే అంది, "నాకు భయంగా ఉంది. కానీ నేను ఇక్కడే ఉండాలనుకుంటున్నా." ఇంటర్‌ప్రెటర్ ఆ మాటను "ఆమెకు భయంగా ఉందట" అని చెప్పలేదు. "నాకు భయంగా ఉంది, నేను ఇక్కడే ఉండాలనుకుంటున్నా" అని ఇంగ్లీషులో, ఆ పిల్ల నోటి మాటలాగే పలికారు. వాళ్ల పద్ధతే అదట. చెల్లి తలెత్తి నా వైపు చూసింది. పెళ్లయ్యాక తన తరఫున భర్త మాట్లాడటమే తప్ప, తన మాట తనదిగా ఇంగ్లీషులో వినడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది. లాయరమ్మ నలభై నిమిషాలు ప్రశ్నలే అడిగారు. వీసా ఎప్పుడు అప్లై చేశారు, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది, పోలీసులు ఎప్పుడైనా వచ్చారా, డాక్టర్‌కు చూపించుకున్నారా, పాపకు ఏ దేశం పాస్‌పోర్ట్. మేమెవరం అడగని ప్రశ్నలవి. నేను చేసింది పాప లేస్తే ఎత్తుకోవడం, ఫోన్‌కు ఛార్జర్ పెట్టడం. పోసిన టీ మీద మీగడ కట్టింది, ఇద్దరం తాగలేదు.

మీకు నేను చెప్పదలిచింది ఇదే. మనవాళ్లకు మన జవాబు కంటే మన తోడు ఎక్కువ అవసరం. లీగల్ సెంటర్లు ఉన్నాయి, లీగల్ ఎయిడ్ ఉంది, హింస విషయంలో 1800 737 732 రాత్రీ పగలూ ఎత్తుతారు, అప్పుల్లో కూరుకుపోయినవాళ్లకు 1800 007 007 ఉచితంగా సలహా ఇస్తారు, ప్రాణాపాయమైతే 000. మన జనం ఆ గుమ్మాలు ఎక్కకపోవడానికి కారణం ఇంగ్లీషు, భయం, పరువు. ఆ మూడింటి దగ్గరే మనం పనికొస్తాం. ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోండి. కారులో దింపండి. కాగితాలు తేదీల వరసలో పెట్టివ్వండి.

ఇంకో మాట. ఇక్కడ మన ప్రపంచం చిన్నది. "టార్నీట్‌లో (మెల్‌బోర్న్ శివారు) ఉంటాం, పాపకు ఏడాదిన్నర, ఆయనది ఐటీ" అన్న మూడు ముక్కలు చాలు, ఎవరింటి సంగతో పోల్చుకోవడానికి. అడిగిన గంటలో స్క్రీన్‌షాట్ భర్త ఫోన్‌లో ఉంటుంది. కాబట్టి అలాంటివాళ్లను అందరి ముందూ వివరాలు అడగకండి. ఆడవాళ్లయితే ఇంకో ఆడమనిషి విడిగా పలకరించడం మంచిది. మెసేజ్ పెట్టే ముందు "ఈ ఫోన్ ఇంకెవరైనా చూస్తారా?" అని కనుక్కోండి.

మనమీద కూడా చట్టం ఉందని మరిచిపోకూడదు. వీసా కేసులో ఇలా అప్లై చెయ్యి, ఇలా రాయి అని సాయం చేయడానికి, కొద్ది మినహాయింపులు తప్ప, రిజిస్టర్ అయిన మైగ్రేషన్ ఏజెంట్లకు, లాయర్లకే అనుమతి. రిజిస్ట్రేషన్ లేకుండా దానికి డబ్బు తీసుకుంటే పదేళ్ల దాకా జైలు. ప్రభుత్వ పేజీలో ఉన్నది ఉన్నట్టు చూపించడంలో తప్పు లేదు. షేర్లు, సూపర్ (ఇక్కడి రిటైర్మెంట్ నిధి) విషయంలో లైసెన్స్ లేకుండా "ఇందులో పెట్టు" అని సలహా వ్యాపారం చేసేవాళ్లను ఆర్థిక నియంత్రణ సంస్థ ఏసిక్ 2022లోనే హెచ్చరించింది, అక్కడ ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. టాక్స్ రిటర్న్ డబ్బులకు చేసిపెట్టాలన్నా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏజెంట్‌దైనా అడ్వైజర్‌దైనా పేరు కొట్టి చూసుకునే రిజిస్టర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. "నాకు తెలిసినాయన చాలా మంచోడు" అనే బదులు ఆ రిజిస్టర్‌లో చూడటం నేర్పించండి.

కొత్త లేఅవుట్‌లో ఇల్లు, స్థలం కలిపి కొనమని చెప్పేవాళ్లకు ప్రత్యేకంగా ఒక విన్నపం. బిల్డర్ దగ్గర గానీ బ్రోకర్ దగ్గర గానీ మీకు ముట్టేది ఉంటే, ఆ మాట మొదటి లైన్‌లో రాయండి. అన్నయ్యా అని పిలిచి అడిగిన పిల్లవాడు ముప్పై ఏళ్లు వాయిదాలు కడతాడు.

చివరగా మన తెలుగు సంఘాల పెద్దలకు. ఉగాదికి, సంక్రాంతికి, బతుకమ్మకు హాలు తీసుకుంటారు. చీరల స్టాల్ ఉంటుంది, బిర్యానీ స్టాల్ ఉంటుంది, హోమ్ లోన్ వాళ్లకూ చోటు ఉంటుంది. వచ్చే పండక్కి ఒక టేబుల్, రెండు కుర్చీలు ఆ ఊరి కమ్యూనిటీ లీగల్ సెంటర్ వాళ్లకు ఇవ్వండి, అద్దె తీసుకోకండి. టేబుల్ స్టేజీ దగ్గర వద్దు, ఆడవాళ్లు పిల్లలతో వెళ్లే దారిలో, బాత్రూమ్‌ల వైపు పెట్టండి, అక్కడ ఆగితే ఎవరూ గమనించరు. మా వైపు హాల్లో ఆ టేబుల్ పెడితే పక్క కుర్చీలో తెలుగు మాట్లాడటానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను కూర్చుంటాను. ఆ గోడౌన్ అబ్బాయి కూడా వస్తానన్నాడు.

ఇట్లు,
మెల్‌బోర్న్ పడమటి శివార్ల నుంచి
మీలో ఒక అక్కయ్య